బల్లకు ముందు శనివారం

మా సంఘంలో పెళ్లి కుదిరిన ప్రతి జంటకూ కొన్ని పాఠాలు చెప్పాలని నియమం. ప్రార్థన, ఉపవాసం, కానుకలు, అత్తమామలతో మెలగడం, పొదుపు, పిల్లల పెంపకం, ఇలా వరసగా ఉండేవి. అన్నీ అయ్యాక చివర్న ఒక పాఠం, దాని పేరు "ఇతర విషయాలు". ముందు పాఠాలన్నీ పాస్టర్ అయ్యగారే చెప్పేవారు. చివరిదాని దగ్గరకు వచ్చేసరికి గొంతు సవరించుకుని, "ఇది మా సిస్టర్ చెబుతారమ్మా" అని లేచి వెళ్లిపోయేవారు. ఆ ఇతర విషయాలే నా ఉద్యోగం.

నా పేరు విమల. మాది గుంటూరు వైపు. మా ఆయనకు బస్సు డిపోలో మెకానిక్ ఉద్యోగం రావడంతో ఉప్పల్‌లో కాపురం పెట్టాం. ఇక్కడి సంఘంలో స్త్రీల మధ్య సేవకని నన్ను జీతానికి పెట్టుకున్నారు. మొన్న రిటైర్ చేశారు. అంటే జీతం ఆగింది గాని ఫోన్లు ఆగలేదు.

ఇప్పుడు ఈ పనిలోకి చదువుకున్న అమ్మాయిలు వస్తున్నారు. కౌన్సెలింగ్‌లో డిప్లొమాలు చేసి, లాప్‌టాప్‌లో బొమ్మలు వేసుకుని వస్తున్నారు. సంతోషం. కానీ లాప్‌టాప్ మూసేశాక ఎదురుగా కూర్చున్న పిల్ల పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ తల వంచుకున్నప్పుడు ఏం చేయాలో ఆ డిప్లొమాలో ఉండదు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

ఆమెన్ ఎవరు అనాలి

నేను చేరినప్పుడున్న పెద్దయ్యగారు గొప్ప భక్తిపరుడు. ఒక్క ఈ విషయంలో తప్ప ఆయనను నేను వేలెత్తి చూపలేను. ఏ పెళ్లికొడుకైనా ధైర్యం చేసి అడిగితే, "అంతా దేవుడు చూసుకుంటాడు బాబూ" అనేవారు. దేవుడు చాలా చూసుకుంటాడు, నిజమే. ఇది మాత్రం మీరే చూసుకోండని ఇద్దరికీ అప్పజెప్పాడు.

ఒక జంటకు ఆయన, "మీ దాంపత్యం ప్రార్థనతో మొదలుపెట్టండి" అని చెప్పారు. మంచి మాటే. ఇద్దరూ మంచానికి చెరో పక్కన మోకరించారు. అబ్బాయి ప్రార్థన ముగించి కళ్లు తెరిచి చూస్తే పిల్ల ఇంకా కళ్లు మూసుకునే ఉంది. ముందుగా లేస్తే భక్తి లేనివాడు అనుకుంటుందేమోనని మళ్లీ మూసుకున్నాడు. కాసేపటికి ఆ పిల్ల తెరిచి చూసింది. ఆయన మోకాళ్ల మీదే ఉన్నాడు, నేనెలా లేస్తానని తనూ మూసుకుంది. ఒకరి ఆమెన్ కోసం ఒకరు ఎదురుచూసి ఎదురుచూసి పరుపు మీద తలలు వాల్చి నిద్రపోయారు. మర్నాడు కూడా అదే తంతు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ పిల్ల నన్ను పక్కకు పిలిచి, "మోకాళ్లు వాసినయక్కా" అని ఏడుపు ముఖం పెట్టింది.

నాకు నవ్వు ఆగలేదు. నేను నవ్వేసరికి తనకూ నవ్వొచ్చింది. "ఇవాళ ఆమెన్ నువ్వే అను, కాస్త గట్టిగా అను" అని చెప్పి పంపాను. ఈ పనిలో నేను అన్నిటికంటే ఎక్కువ వాడిన మందు నవ్వే. భయం సగం దానితోనే పోతుంది, మిగతా సగానికి మాటలు సరిపోతాయి. ముఖం గంభీరంగా పెట్టుకుని ఈ పాఠం చెప్పేవాళ్లు దయచేసి వేరే పని చూసుకోండి.

సగం వాక్యం

నవ్వకూడని చోటు కూడా ఒకటుంది. ఒకామె ఎండాకాలంలో పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని వచ్చింది. నేను చెయ్యి పట్టుకుంటే మణికట్టు దగ్గర కమిలి ఉంది. భర్తను పిలిపించాను. అతను తడబడలేదు సరికదా, నాకే బైబిలు వాక్యం చెప్పాడు. భార్య శరీరం మీద భర్తకు అధికారం ఉందని రాసి ఉందట.

"ఉంది. దాని పక్కనే, భర్త శరీరం మీద భార్యకు అధికారం ఉందని కూడా ఉంది. నువ్వు చదవడం మధ్యలో ఆపేశావు. నీ శరీరం ఆమెదైతే, ఆ చెయ్యి ఆమె అనుమతి లేకుండా ఎలా లేచింది?" అన్నాను. ఆమె తనంతట తాను వెళ్తాననేదాకా మా ఇంట్లోనే ఉంచుకున్నాను. సంఘం పెద్ద ఒకాయన వచ్చి, "సిస్టర్, బయటికి తెలిస్తే సంఘం పేరు పోతుంది" అన్నాడు. పోతే పోనివ్వండి అన్నాను. మంచం మీద బలవంతం చేసి ఆదివారం చేతులెత్తి స్తుతించేవాడితో వచ్చే పేరు మనకెందుకు?

చెల్లెళ్లూ, ఇక్కడ మెత్తగా మాట్లాడకండి. ఒకరు వద్దంటే వద్దే. ప్రేమ అన్న మాటకు వేరే అర్థం చెప్పేవాళ్లకు పోలీస్ స్టేషన్ ఎక్కడుందో చెప్పడం కూడా మన పనే.

ఎన్ని గదులు

ఇక స్వరూప సంగతి. ఈ రాత అంతా నిజానికి ఆమె కోసమే మొదలుపెట్టాను.

స్వరూపది జనగాం వైపు. భర్త ఆనంద్ నాచారంలో మందుల కంపెనీలో మిషన్ ఆపరేటర్, ఇల్లూ అక్కడే. అత్త మార్తమ్మ. ఆనంద్ ఒక్కడే కొడుకు, చిన్నప్పుడే తండ్రి పోయాడు. పెళ్లయి నాలుగో ఏడు నడుస్తోంది, పిల్లలు లేరు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఎవరికేం కావాలో చెప్పమంటే స్వరూప లేచి నిలబడి, "గర్భఫలం కోసం ప్రార్థన చేయండి" అని కూర్చునేది. స్త్రీలందరూ గొంతెత్తి ప్రార్థించేవారు. మార్తమ్మ అందరికంటే గట్టిగా ప్రార్థించేది.

మార్తమ్మ చెడ్డది కాదు. కానీ ఓపిక అయిపోయింది. ఈ ఈస్టరు దాటితే కోడలిని పుట్టింటికి పంపించేస్తానని నలుగురిలో అనేసింది. అప్పటికి మా పాస్టర్ గారు కొత్తాయన, వయసులో నాకంటే చిన్నవాడు, మంచి బోధకుడు. ఆ మాట ఆయన చెవిన పడింది. జాలిపడి, ఆ దంపతుల కోసం నలభై దినాల ప్రత్యేక ఉపవాసం పెడదామని ప్రకటించారు. ఆ దినాలు స్వరూప గుడి మేడ మీది ప్రార్థన గదిలోనే ఉండాలి, ఆనంద్ ఇంట్లో ఉండి ఉపవాసం చేయాలి. వచ్చే ఆదివారం నుంచి మొదలు. అదే ఆఖరి ఆశ అన్నట్టు మార్తమ్మ తల ఊపింది.

నాకెందుకో మనసొప్పలేదు. గుడి అయ్యాక స్వరూపను బస్టాపు దాకా నాతో నడవమన్నాను. ఈ పనిలో కూర్చోబెట్టి అడిగితే రాని జవాబు నడుస్తూ అడిగితే వస్తుంది. ముఖాలు చూసుకోనక్కర్లేదు కదా. నేను ముందుగా అడిగేది ఎప్పుడూ ఒకటే.

"మీ ఇంట్లో ఎన్ని గదులమ్మా?"

"ఒక రూమూ, వంటిల్లూ అక్కా."

"మీ అత్తగారు ఎక్కడ పడుకుంటారు?"

"రూముల్నే. మంచం మీద అత్తమ్మ. మేము కింద."

"మరి మీరిద్దరూ?"

స్వరూప రోడ్డు వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. "శుక్రారం ఉపాసం గదక్కా, ఆ దినం ఉండొద్దు. శనారం బల్లకు తయారు గావాలె. మంగళారం అత్తమ్మ మొక్కు వెట్టింది. ఆయనది వారం మార్చి వారం నైట్ డ్యూటీ. నా దినాలు నాకుంటయి. శ్రమల దినాల్ల అసలే లేదు. ఇగ జనవరిల ఉపాస ప్రార్థనలు..." అని ఆగింది. "ఇంకేం మిగుల్తయక్కా?"

శ్రమల దినాలంటే ఈస్టరుకు ముందు నలభై రోజులు. బల్ల అంటే ప్రభువు బల్ల, ఆదివారం ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం. మా సంఘంలో ప్రతి ఆదివారం ఉంటుంది. ముందురోజు భార్యాభర్తలు దూరంగా ఉంటేనే బల్లకు తగినవాళ్లని మార్తమ్మ తరంలో ఎవరో నేర్పారు. ఎవరు నేర్పారో ఎవరికీ తెలియదు, వాక్యంలో ఎక్కడుందో అంతకంటే తెలియదు. సంఘం అంతా కలిసి ఆ పిల్లకు బిడ్డనివ్వమని దేవుణ్ణి అడుగుతోంది, ఆ బిడ్డ రావడానికి ఆయన పెట్టిన దారికి మాత్రం అందరూ కలిసి తాళం వేశారు. ఇలాంటి పొరపాటు భక్తి లేనివాళ్లు చేయలేరు, మావాళ్లే చేయగలరు.

నేను ఇంకొకటి అడిగాను. "అత్తగారు ఊరెళ్లినప్పుడు కూడా ఇంతేనా?"

ఆమె నడక నెమ్మదించింది. "ఒకసారి పోయింది, చుట్టాలింటికి. అప్పుడు ఆయన, నేను..." అని గొంతు తగ్గించింది. "మంచిగనిపించిందక్కా. గదే నా భయం. గంత మంచిగనిపిస్తే పాపమేమో. గందుకే దేవుడు మా మొర ఇంటలేడేమో."

చెల్లెళ్లూ, ఈ మాట వినడానికే మనం ఉన్నాం. ఇన్నాళ్లూ ప్రార్థనలో గర్భఫలం అని అడుగుతూ వచ్చిన పిల్ల లోపల దాచుకున్నది ఇది. నాకు దుఃఖం వచ్చింది, దానికంటే ఎక్కువ కోపం వచ్చింది. స్వరూప మీద కాదు.

"చూడమ్మా," అన్నాను, "దేవుడు మొదట ఒక మగవాణ్ణీ ఒక ఆడదాన్నీ చేసి, ఒకరి చెయ్యి ఒకరికిచ్చి, చాలా బాగుంది అన్నాడు. అప్పటికి వాళ్ల ఒంటి మీద బట్ట లేదు, సిగ్గూ లేదు. పాపం ఇంకా లోకంలోకి రానేలేదు. ఆ బాగుండడం ఆయన పెట్టిందే. నీకు మంచిగా అనిపిస్తే ఆయన చేసిన పని సరిగ్గా చేశాడని అర్థం. అందుకు ఆయనకు స్తోత్రం చెప్పు, క్షమాపణ అడగకు."

స్వరూప నన్ను తేరిపార చూసింది. "స్తోత్రమా? దానికా?" అంది. "దానికే" అన్నాను. బస్సు వచ్చింది, ఎక్కలేదు. తర్వాతి బస్సు దాకా ఇద్దరం ఊరికే నిలబడ్డాం.

ఫ్యాన్ వైపు చూసే అయ్యగారు

మర్నాడు పాస్టర్ గారి గదికి వెళ్లాను. స్వరూప అనుమతి అడిగే వెళ్లాను. అది మరిచిపోకండి, అడగకుండా ఎవరి మాటా ఎవరి దగ్గరా విప్పకూడదు. ఆయనకు ఒక అలవాటు. ఇబ్బందైన మాట వస్తే తల పైకెత్తి ఫ్యాన్ వైపు చూస్తారు. నేను సూటిగా చెప్పాను. "అయ్యగారూ, మీరు వాళ్ల బిడ్డ కోసం ప్రార్థిస్తున్నారు, వాళ్లను కాపురం చేయనివ్వడం లేదు."

ఆయన ఫ్యాన్ వైపు చూశారు. "ఇవన్నీ మనం మాట్లాడే విషయాలా సిస్టర్?"

"పెళ్లి చేసింది మీ చేతులే కదండీ. ఆశీర్వదించినప్పుడు దేన్ని ఆశీర్వదించారు?"

"నేనెప్పుడూ శనివారం దూరంగా ఉండమని చెప్పలేదే."

"చెప్పలేదు. ప్రతి ఆదివారం శరీరం శత్రువు, శరీరాన్ని నలగగొట్టండి అంటున్నారు. మీ మనసులో ఉన్నది తాగుడు, తిండిపోతుతనం, కోపం. కింద కూర్చున్న ఆడపిల్లకు తెలిసిన శరీరం ఒక్కటే, తనది. ఆ పిల్ల దాన్నే నలగగొడుతోంది."

ఆయన మళ్లీ ఫ్యాన్ వైపు చూశారు. నేను మళ్లీ అందుకున్నాను. ప్రార్థన కోసం దంపతులు ఎడబాయవచ్చు గాని, ఇద్దరూ ఒప్పుకుంటేనే, అదీ కొంతకాలమే, తర్వాత మళ్లీ కలవాలని బైబిలులో అపొస్తలుడు స్పష్టంగా రాశాడు కదా అన్నాను. ఇక్కడ ఆ ఇద్దరినీ ఒప్పుకున్నారా అని అడిగినవాళ్లు ఎవరు? అత్త మొక్కు పెట్టింది, పాస్టరు ఉపవాసం పెట్టాడు, మొగుడూ పెళ్లాలు తల వంచారు.

"ప్రకటించేశాను సిస్టర్," అన్నారు చివరికి, ఫ్యాన్ వదిలి నా వైపు చూస్తూ. "సంఘం ముందు చెప్పిన మాట."

"అయితే సంఘం ముందే మార్చండి" అని లేచి వచ్చాను. మారుస్తారని నమ్మకం ఉంది. భయస్తుడే గాని నిజాయితీ ఉన్న మనిషి. బాసుల్లో ఆ రెండోది ఉంటే మొదటిదాన్ని మనం సర్దుకోవచ్చు.

ఆదివారం ఆరాధన చివర్లో ఆయన ఆనంద్‌ను మగవాళ్ల వైపు నుంచి, స్వరూపను ఆడవాళ్ల వైపు నుంచి ముందుకు పిలిచారు. స్వరూప చేతిలో బట్టల సంచి ఉంది, మేడ గదికి వెళ్లడానికి సిద్ధపడే వచ్చింది. ఆయన ఇద్దరి తలల మీదా చేతులుంచి చిన్న ప్రార్థన చేశారు. తర్వాత అన్నారు, "వీళ్ల ఉపవాసం నేను చేస్తాను. ఆనంద్, ఆ సంచి నువ్వు తీసుకో. నీ భార్యను ఇంటికి తీసుకుపో. కలిసి తినండి, కలిసి ఉండండి. ఏ శనివారమైనా సరే, కలిసి ఉన్నందుకు ఎవరూ ప్రభువు బల్లకు దూరం కారు."

గుడిలో ఎవరో దగ్గారు. ముందు వరసలో ఇద్దరు పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆనంద్ మాత్రం ఆలోచించలేదు, సంచి అందుకుని భుజాన వేసుకున్నాడు. ఆ పూట ఆ సంచి పట్టుకుని బండి మీద ఇద్దరూ నాచారం వైపు వెళ్లడం నేను గేటు దగ్గర నిలబడి చూశాను. నా ఉద్యోగంలో నాకు అందిన జీతాల్లో అది పెద్దది. అయ్యగారు అన్న మాట ప్రకారం ఈస్టరు దాకా ఒంటిపూట ఉపవాసం చేశారు. చొక్కా వదులైంది, బోధ మాత్రం బాగుపడింది. శరీరం అన్న మాట వచ్చిన ప్రతిసారీ ఆగి, దేని గురించి చెబుతున్నారో విడమరిచి చెప్పడం నేర్చుకున్నారు.

మార్తమ్మ

ఆ వారంలోనే మార్తమ్మ మా ఇంటి మీదికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మంలోనే నిలబడింది.

"ఏంది విమలమ్మా, నా కోడలికి ఏం నేర్పినవ్? సంఘంల నా ఇజ్జత్ తీసినవ్. నేనేమన్న తప్పు జెప్పిన్నా? మేము గట్లనే ఉంటిమి. బల్లకు ముందు దినం మా ఆయన దిక్కు సూడకపోతుంటి."

"ఎవరు చెప్పారు మీకు అలా ఉండమని?"

"ఎవలో జెప్పిన్రు. పెద్దోళ్లు. యాదికి లేదు."

"ఆయన ఏమనేవారు?"

నేను మాట వరసకు అడిగాను గాని, మార్తమ్మ కోపం అక్కడితో దిగిపోయింది. గుమ్మం పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను.

"ఏమనకపోయేది," అంది. "చెయ్యి మీదేస్తే తీసేస్తుంటి. రేపు బల్లున్నది గదయ్యా అంటుంటి. సరే అని అటు మర్రి పండుకునేటోడు. ఒక్క మాట అనకపోయేటోడు. పోరగాడు చిన్నగున్నప్పుడే పోయిండు." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "గిప్పుడు గా చెయ్యి యాదికొస్తది విమలమ్మా. గన్ని శనారాలు తీసేసిన."

నేను చెప్పాల్సిన వాక్యం ఆమె తనకు తానే చెప్పుకుంది. చాలాసేపటికి లేచి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

పిల్లలు పుట్టారా అని అందరూ అడుగుతారు. ముందు డాక్టరమ్మకు చూపించుకోమని పంపాను, ఆవిడ ఇద్దరిలో ఏ లోపమూ లేదంది. ఆ తర్వాతిది వాళ్ల సంగతి, వాళ్లు చెప్పమంటే చెబుతాను. నా ముందున్న ప్రశ్న స్వరూప పుట్టింటికి పోతుందా పోదా అన్నది. ఈస్టరు వచ్చింది, దాటింది. ఆ మాట మార్తమ్మ మళ్లీ ఎత్తలేదు.

ఈస్టరు దాటిన వారానికి, శనివారం సాయంత్రం, మా తలుపు చప్పుడైంది. తీస్తే మార్తమ్మ. చంకలో దిండు, దాని మీద మడిచిన దుప్పటి.

"ఏంటి మార్తమ్మగారూ, ఏమైంది?"

"ఏం గాలే. ఈ రాత్రి మీ ఇంట్ల పండుకుంట. జర జాగ ఉంటదా?"

వెనక నుంచి మా ఆయన మాట్లాడకుండా తన దిండు తీసుకుని హాల్లోకి నడిచాడు. నాకు అర్థమైంది, అయినా ఆమె నోట వినాలనిపించింది. "రేపు బల్ల ఉంది కదండీ," అన్నాను.

"గందుకే వచ్చిన," అంది మార్తమ్మ. "పోరగానికి ఈ వారం డే డ్యూటీ. ఇంటికొచ్చిండు. ఆ చెయ్యి నేను తీసేయద్దు గదా."

నేను తలుపు పూర్తిగా తెరిచి, ఆమె చంకలోని దిండు అందుకున్నాను.